బ్రేకంటే పడని ధర్మారావు

ఆమదాలవలస బజారులో కోపానికి కొదవ లేదు. ధరల మీద కోపగించేవాళ్లున్నారు, దోమల మీద కోపగించేవాళ్లున్నారు, వేళకు రాని రైలు మీద కోపగించేవాళ్లయితే స్టేషను నిండా ఉన్నారు. బ్రేకు మీద కోపగించే మనిషి మాత్రం ఊరు మొత్తానికి ఒక్కడే, పప్పుల టోకు వ్యాపారి ధర్మారావు. ఆయన బ్రేకు వేయడు. వేసినవాణ్ణి క్షమించడు. బ్రేకు కనిపెట్టిన మహానుభావుడు ఎప్పుడైనా ఎదురుపడితే దుకాణం మెట్ల మీద నిలబెట్టి దులిపి పంపిస్తానని అందరితోనూ చెప్పి ఉంచాడు.

ఈ సంగతి ఆయన భార్య భాగ్యవతికి పెళ్లయిన కొత్తలోనే తెలిసింది. పట్టుచీర కట్టుకుని స్కూటరు వెనక కూర్చుని పేరంటానికి బయల్దేరింది. దారికి అడ్డంగా గేదె నిలబడి ఉంది. లోకంలో ఏ మొగుడైనా బ్రేకు వేస్తాడు. ధర్మారావు వేయలేదు. గేదె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పక్కనున్న పేడకుప్పలోంచి దూసుకొచ్చి, వేగం ఏమాత్రం తగ్గకుండా మళ్లీ రోడ్డెక్కాడు.

"బ్రేకెయ్యొచ్చు కదండీ!" అని ఆవిడ ఏడుపు గొంతుతో అరిచింది.

"ఎందుకెయ్యాలే? ఇంత పెట్రోలు తాగి, ఇంత దూరం పరుగెత్తి స్కూటరు తెచ్చుకున్న స్పీడు అది. దాన్ని తీసుకెళ్లి రబ్బరు ముక్కకేసి రుద్ది పారెయ్యమంటావేటి?"

"స్పీడు పోతే మళ్లీ వస్తాది. నా సీర పోతే వస్తాదా?"

చీర సంగతి వదిలేసి ధర్మారావు పాఠం అందుకున్నాడు. ఆ పాఠం ఆవిడ అప్పటినుంచి ఇప్పటిదాకా వింటూనే ఉంది. పరుగెత్తే బండిలో సత్తువ ఉంటుందట. బ్రేకు వేస్తే ఆ సత్తువంతా వేడైపోయి గాల్లో కలిసిపోతుందట. అలా కాకుండా బండిలో ఒక బరువైన చక్రం పెట్టి, ఆగేటప్పుడు ఆ సత్తువను చక్రానికి అప్పజెప్పాలట. బండి ఆగినా చక్రం లోపల గిరగిరా తిరుగుతూనే ఉంటుందట. మళ్లీ బయల్దేరేటప్పుడు ఆ తిరుగుడే బండిని లాగుతుందట. దాని పేరు ఫ్లైవీలు. ఒక దేశంలో ఒకప్పుడు ఆ చక్రం సత్తువతోనే బస్సు నడిచిందట. ఆ బస్సు గురించి ధర్మారావు చెబుతుంటే, సొంత మేనమామ ఆ బస్సుకు డ్రైవరేమో అనిపిస్తుంది.

ఇంట్లో చెప్పుకుంటే భాగ్యవతి ఎలాగో సర్దుకునేది. ఆయన రైళ్లకు కూడా చెప్పేవాడు. ఒకసారి ఆవిడ అక్కను రైలెక్కించడానికి ఇద్దరూ ఊళ్లోనే ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు వెళ్లారు. రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తూ వేగం తగ్గించడం మొదలుపెట్టగానే ధర్మారావు గుండె బాదుకున్నాడు.

"అదిగో! పారేస్తన్నాడు! అంతా పారేస్తన్నాడు!"

ఏం పారేస్తున్నారో అని ప్లాట్‌ఫారం మీదున్నవాళ్లు తమ సంచులు తడుముకున్నారు. రైలు ఆగాక ఆయన నేరుగా ఇంజను దగ్గరకు పోయాడు. కిటికీలోంచి తల బయటపెట్టిన కుర్ర లోకో పైలటు, "ఏమండీ పెద్దాయనా, ఎవర్ని తిడుతున్నారు?" అని అడిగాడు.

"నిన్నే బాబూ! ఇంత పెద్ద రైలు, ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చింది. ఆ పరుగంతా ఇక్కడ రుద్ది పారేసేవు కదా!"

"పారెయ్యలేదండీ. ఈ ఇంజను బ్రేకేస్తే కరెంటు పుడుతుంది. అది పై తీగలోకి తిరిగి వెళ్లిపోతుంది."

ధర్మారావు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. మొగుడికి ఇన్నాళ్ల జబ్బు తగ్గిందని భాగ్యవతి మనసులోనే అరసవల్లి దేవుడికి దండం పెట్టుకుంది. కానీ ఆ నోరు మళ్లీ కదిలింది.

"తీగలోకి వెళ్తాది సరే. ఆ వేళకి దగ్గర్లో ఇంకో రైలు బయల్దేరకపోతే ఆ కరెంటు ఎవడు తింటాడు?"

"అంతదూరం నాకు తెలీదండీ."

"నాకు తెలుసు! స్టేషను పక్కన చక్రాలు పెట్టాలి. వచ్చే రైలు ఇచ్చింది అవి పట్టుకోవాలి, వెళ్లే రైలుకి తిరిగిచ్చెయ్యాలి. కొన్ని ఊళ్లల్లో మెట్రో రైళ్లకి పెట్టేరయ్యా! మనకేటి తక్కువ?"

రైలు కూత వేసి కదిలింది. ధర్మారావు ఇంజను పక్కనే నడుస్తూ, తర్వాత పరుగెడుతూ, ప్లాట్‌ఫారం చివరిదాకా పాఠం చెప్పాడు. ఈ గొడవలో అక్కకు చెయ్యి ఊపడం కూడా కుదరలేదు. ఆ అక్క ఇప్పటికీ ఫోనులో, "మీ ఆయన నన్ను సాగనంపేడా, ఇంజన్ని సాగనంపేడా?" అని దెప్పుతుంది. ఇలాంటి మాటలు పడాల్సింది ఎవరు? భాగ్యవతే కదా!

కూరల బండి గొడవ మరోటి. వీధిలో తోపుడు బండి వస్తే ఎవరైనా ఆపి, రెండు కాయలు గిల్లి చూసి, బేరమాడి కొంటారు. ధర్మారావు బండి ఆపనివ్వడు. దానితో పాటు నడుస్తూ కొంటాడు. నడుస్తూనే వంకాయలు ఏరి, నడుస్తూనే తూకం వేయించుకుని, రెండు వీధుల అవతల తేలతాడు. ఏరిన వంకాయల్లో సగం పుచ్చులే. "బండి ఆపితే మీ సొమ్మేటి పోయింది?" అని భాగ్యవతి ఎగిరేది. "నాదేటీ పోదు" అని ఆయన పుచ్చు వంకాయలు లోపల పెట్టి దుకాణానికి వెళ్లిపోయేవాడు.

ఇలా సాగుతుండగా వర్తక సంఘం వాళ్లు రాముడి మీద పడ్డారు.

రాముడు ట్రాలీ రిక్షా తొక్కుతాడు. రైల్లో వచ్చిన బస్తాలు గూడ్సు షెడ్డు నుంచి బజారుకు చేరవేయడం అతని పని. ఒకప్పుడు ఇలాంటి ట్రాలీలు వరసగా ఉండేవి, ఇప్పుడు మిగిలింది అతనిదొక్కటే. షెడ్డుకూ బజారుకూ మధ్య రైలు వంతెన ఉంది. బస్తాలతో ఆ వంతెన ఎక్కేటప్పుడు ఎవరో అడ్డం రావడం, ట్రాలీ ఆగడం, రాముడు దిగి రొప్పుతూ తోయడం, వెనక బళ్లన్నీ హారన్లు మోగించడం రోజూ జరిగే తంతు. సంఘం అధ్యక్షుడు జగన్నాధం కొత్తగా కారు కొన్నాడు. కారు కొన్నప్పటినుంచి ఆయనకు వంతెన తన పెరడులా కనిపించడం మొదలైంది. వచ్చే సోమవారం నుంచి షెడ్డు సరుకంతా ఆటోలోనే రావాలని సమావేశంలో ప్రతిపాదించాడు. మరి రాముడేం తింటాడని ఒక్కరంటే ఒక్కరు అడిగారా? అడగలేదు. అందరూ టీ తాగుతూ తలలూపారు.

ధర్మారావు ఒక్కడే లేచాడు. "ట్రాలీ ఆగడం రాముడి తప్పేటి? బ్రేకు తప్పు! ఆ ట్రాలీకి నేను చక్రం కడతాను. శనివారంలోగా మీ అందరి ముందూ వంతెన ఎక్కించి సూపిస్తాను. ఆగిందంటే అప్పుడు ఆటో పెట్టుకోండి."

సమావేశం ఘొల్లున నవ్వింది. "ధర్మారావుకి సక్రం తిప్పుకోడానికి ఒకడు దొరికేడు" అన్నాడు జగన్నాధం. నిజం చెప్పాలంటే ఇంట్లో భాగ్యవతి కూడా అదే అనుకుంది. పాపం ఒకడి పొట్ట కొట్టుకుపోతుంటే ఈయనకు చక్రం మోజు తీరడమా అని ఆవిడ ఒళ్లు మండింది.

ఆవిడ తమ్ముడు ప్రమోద్‌కు ఇనుము చెక్కే లేతు షాపు ఉంది. బావా బావమరిదీ అందులో దూరి తలుపులేసుకున్నారు. పాత ఆయిలింజను చక్రం ఒకటి కోసి, అరగదీసి, ట్రాలీ కింద బిగించారు. మొదట నిలువుగా పెట్టారు. పరీక్షకు ప్రమోద్ బస్తాల బదులు తానే ఎక్కి కూర్చున్నాడు. తిన్నటి రోడ్డు మీద బండి బ్రహ్మాండంగా పోయింది. మలుపు దగ్గర హేండిల్ తిప్పగానే, తిరిగే చక్రం మొండికేసి బండిని పక్కకు ఒరగదోసింది. ప్రమోద్ మురుక్కాలవలో తేలాడు.

"బావా, నీ సక్రానికి నా మీద కోపమేటి?" అన్నాడు కాలవలోంచి.

"కోపం నీ మీద కాదురా, మలుపు మీద. పడుకోబెడితే సరిపోతాది."

చక్రాన్ని పడుకోబెట్టారు. రెండు పిడులు అమర్చారు. ఒకటి లాగితే బండి నెమ్మదించి చక్రం వేగమందుకుంటుంది, రెండోది లాగితే చక్రం నెమ్మదించి బండి వేగమందుకుంటుంది. ఈ వైభవం జరుగుతున్నన్నాళ్లూ భాగ్యవతి వంటింట్లో గ్రీజు, పూజగదిలో బోల్టులు. నువ్వుల నూనె గిన్నెలో చెయ్యి పెడితే నానబెట్టిన బేరింగులు తగిలాయి.

అయినా మొగుడు పదిమందిలో నవ్వులపాలు కావడం ఏ ఆడదానికి ఇష్టం? పరీక్ష రోజున ఆవిడ అందరికంటే ముందు లేచి స్నానం చేసి లేతు షాపుకు వెళ్లింది. కొత్త బండి రోడ్డెక్కుతుంటే దిష్టి తీయాలి. నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టాలి. ఎర్రగుడ్డలో కొబ్బరికాయ మూటగట్టాలి. మరి ఎక్కడ కట్టాలి? ఆయన పొద్దస్తమానం గొప్పంతా చక్రంలోనే ఉందంటాడు కదా! దిష్టి తగిలేది దానికే. అందుకని అన్నీ తీసుకెళ్లి ఆ చక్రానికే ఒక పక్కన గట్టిగా బిగించి, పసుపు ముద్ద పెట్టి, దండం పెట్టుకుని వచ్చేసింది.

వంతెన మొదట్లో సంఘమంతా హాజరైంది. జగన్నాధం పొందూరు ఖద్దరు పంచె, లాల్చీ వేసుకుని గొడుగు కింద కుర్చీలో కూర్చున్నాడు. షెడ్డు ముందున్న వాలు దిగుతూ రాముడు మొదటి పిడి లాగాడు. చక్రం అందుకుంది. అందుకున్న మరుక్షణం ట్రాలీకి చలిజ్వరం వచ్చింది. ఒక పక్కన బరువెక్కి తిరిగే చక్రం బండిని, బండి రాముడిని, రాముడు హేండిల్‌నీ వణికించడం మొదలైంది.

"బా... వూ... ఏ... టి... దీ..." అంటున్నాడు రాముడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"పిడి ఒగ్గీకు! గట్టిగా పట్టుకో!" అని ధర్మారావు అరుస్తున్నాడు.

ముందు మిరపకాయలు ఎగిరాయి. తర్వాత నిమ్మకాయ ఒకటి బయల్దేరి, ఇంతమంది జనంలో ఎవరినీ తాకకుండా, తిన్నగా వచ్చి జగన్నాధం నుదుటికి తగిలింది. కొబ్బరికాయ వంతెన గోడకు కొట్టుకుని ముహూర్తం పెట్టినట్టు రెండు చెక్కలైంది. ట్రాలీ నడిరోడ్డు మీద నిలబడిపోయింది. జనం విరగబడి నవ్వారు. రాముడు మాత్రం నవ్వలేదు. పిడి పట్టుకుని బిక్కమొహంతో ధర్మారావును చూస్తున్నాడు.

"ఏటి ధర్మారావూ ఇది?" అన్నాడు జగన్నాధం నుదురు రుద్దుకుంటూ.

ధర్మారావు వంగి బండి కిందికి చూశాడు. చక్రానికి వేలాడుతున్న ఎర్రగుడ్డ కనిపించింది. దాన్ని మెల్లగా విప్పి, ఎవరూ చూడకుండా జేబులో కుక్కుకుని లేచాడు.

"తప్పు నాదే. సక్రం బరువు సరి సూసుకోలేదు" అన్నాడు.

ఎవరూ చూడలేదని ఆయన అనుకున్నాడు కానీ భాగ్యవతి చూసింది. పదిమందిలో పరువు పోతున్నా, ఇది పెళ్లాం కట్టిందన్న ఆ ఒక్కమాట ఆయన నోట రాలేదు. ఇంటికి వెళ్లాక తిడతాడని ఎదురుచూసింది. తిట్టలేదు. అన్నం పెట్టింది, తిన్నాడు. తిట్టకపోతే ఆవిడకు ముద్ద దిగలేదు.

"తిట్టరేటండీ! కట్టింది నేనే కదా!"

"తెలుసు. మంచి జరగాలని కట్టేవు. ఆ సంగతి సక్రానికి తెలీదు, నాకు తెలుసు" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఆవిడకు దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. ఇలాంటి మనిషిని పట్టుకుని ఊరు నవ్వుతుందా? సంఘం అనుకున్నంతా చేసింది. సోమవారం నుంచి ఆటో. రాముడికి ఇంక శనివారం సరుకొక్కటే మిగిలింది, అదీ ధర్మారావు దుకాణానికి రావలసిన కందిపప్పు బస్తాలు.

శనివారం భాగ్యవతి కూడా షెడ్డుకు వెళ్లింది. చక్రానికి ఒక్క దారప్పోగు కూడా లేకుండా స్వయంగా తుడిచింది. వాలు దిగుతూ రాముడు మొదటి పిడి లాగాడు. చక్రం ఝుమ్మని సన్నగా పాడింది. వణుకు లేదు. వంతెన మొదట్లో రెండో పిడి లాగాడు. బస్తాలతో నిండిన ట్రాలీ మెత్తగా పైకి ఎక్కసాగింది.

"బావూ! ఎక్కుతన్నాది! కాళ్లకి బరువే తెలీడం నేదు!" అని రాముడు కేకేశాడు.

ధర్మారావు పక్కన పరుగెడుతున్నాడు. భాగ్యవతి కొంగు బిగించి వెనక నడుస్తోంది. సగం వంతెన దాటారు. అప్పుడు వెనకనుంచి హారను. ఒకటి కాదు, ఆగకుండా మోత. జగన్నాధం కారు ట్రాలీని దాటి ముందుకొచ్చి, ఎదురుగా లారీ కనిపించేసరికి ఠక్కున ట్రాలీ ముందే బ్రేకు వేసి ఆగింది.

"ఆపకు!" అని ధర్మారావు పెట్టిన కేక బజారుదాకా వినిపించి ఉంటుంది. కానీ రాముడు ఆపకేం చేస్తాడు? ఆపాడు. చక్రం తన దగ్గరున్నది అప్పటికే ఇచ్చేసింది. ట్రాలీ ఒక్క క్షణం నిలబడి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. రాముడు దూకి హేండిల్ పట్టుకున్నాడు. ధర్మారావు భుజం ఆనించాడు. భాగ్యవతి ఏమీ ఆలోచించకుండా రెండు చేతులూ బస్తాలకు అడ్డంపెట్టింది.

ఆ బరువు మీద పడ్డాక గానీ ఆవిడకు తెలిసిరాలేదు. నడుం కలుక్కుమంది. కాలికింద తారు జారుతోంది. ఇదే వంతెన మీద రాముడు బండి తోస్తుంటే తాను ఆటోలో కూర్చుని ఎన్నిసార్లు విసుక్కుంది! కదులుతున్న బండి వేరు, ఆగిన బండి వేరు. ఈ సంగతి పక్కనే ఉన్న మనిషి ఏళ్ల తరబడి గొంతు చించుకుని చెబుతుంటే, ఇనుము గురించి చెబుతున్నాడనుకుంది. ఆవిడకు తన మీద తనకే సిగ్గేసింది. సిగ్గు వెంటే కోపం వచ్చింది.

జగన్నాధం తెల్లటి పొందూరు ఖద్దరులో కారు దిగి వచ్చాడు. "సూసేరా? మళ్లీ ఆగిపోనాది. ఇందుకే ఆటో అన్నాను."

"ఆగలేదన్నయ్యా, నువ్వాపేవు!" భాగ్యవతి గొంతు ఆ స్థాయిలో ఉంటుందని మొగుడికి కూడా తెలియదు. "ఆపినోడికి కాలు నొక్కడమే పని. మళ్లీ కదిపినోడికి నడుం పోతాది. ఇలా రా! ఒక సెయ్యెయ్యి! కదిపి సూపించి, ఆ తర్వాత నీకు కావలసిన ఆటో పెట్టుకో!"

"నేనా? అమ్మా, ఈ బట్టల్తో..."

"నేను ఏ బట్టల్తో ఉన్నానో కనబడలేదేటి?"

ఆవిడ కారుకు అడ్డంగా నిలబడింది. ఆవిడ వదిలిన చోట, అప్పుడే వెనకనుంచి పరుగెత్తుకొచ్చిన ప్రమోద్ పట్టుకున్నాడు. లారీ ఆగింది, బస్సు ఆగింది, వంతెన రెండు వైపులా జనం దిగి ఫోన్లు పైకెత్తారు. జగన్నాధానికి వేరే దారి లేదు. పంచె ఎగ్గట్టి ట్రాలీకి చెయ్యి వేశాడు. తోశాడు. కదల్లేదు. భుజం పెట్టాడు. కదల్లేదు. "హబ్బా" అని మూలిగి మొత్తం ఒళ్లు పెడితే బండి బెత్తెడు కదిలింది. వంతెన పైకి చేరేసరికి పొందూరు ఖద్దరంతా గ్రీజు, పెద్దమనిషి గోడ పట్టుకుని రొప్పుతున్నాడు.

అవతల దిగుతూ రాముడు మొదటి పిడి లాగాడు. చక్రం మళ్లీ ఝుమ్మంది.

"ఏటా సప్పుడు?" అన్నాడు జగన్నాధం ఊపిరి తీసుకుంటూ.

"దిగేటప్పుడు సత్తువ దాస్తన్నాది. ముందెక్కడైనా ఆపితే, కదలడానికి అదే సాయం."

"మరి ఈ సంగతి ముందే సెప్పొచ్చు కదయ్యా!"

ధర్మారావు ఆయనవైపు చూసిన చూపులో ఎన్ని పాఠాలున్నాయో లెక్కలేదు.

సోమవారం సమావేశంలో జగన్నాధం నడుముకు పట్టీ వేసుకుని దిండు మీద కూర్చున్నాడు. ఆటో మాట తీసేశాడు. వంతెన మీద ట్రాలీ ఎక్కుతుంటే ఎవరూ దాటిరాకూడదని, హారను కొట్టకూడదని కొత్త కట్టుబాటు తానే ప్రతిపాదించాడు. ఎందుకు మనసు మారిందని ఎవరో అడిగితే నడుం పట్టుకుని పక్కకు తిరిగాడు. షెడ్డు సరుకు రాముడి ట్రాలీలోనే వస్తోంది.

ఆ మధ్యాహ్నం వడ్డిస్తూ భాగ్యవతి నిలదీసింది. "ఇన్నేళ్లూ సక్రం, వేడి, కరెంటు అని నా ప్రాణం తీసేరు. రాముడి మీద జాలి అని ఒక్క ముక్క సెప్తే నాకు అర్థమవదేటి?"

ధర్మారావుకు చెడ్డ కోపం వచ్చింది. "జాలేటే? వాడికి నా జాలెందుకు? వాడి సత్తువ వాడిది. దాన్ని పారబొయ్యడానికి మనమెవరం? అంతే!" అని కంచంలో చెయ్యి ఆపి, ఇంకేదో గుర్తొచ్చి ఇంకాస్త మండిపడ్డాడు. "అదలా ఉంచు. ఆవేళ కారుకి అడ్డం నిలబడి లారీనీ బస్సునీ అందర్నీ ఆపేసేవు. ఎంత సత్తువ వేడైపోనాదో ఆలోచించేవా నువ్వు?"

"ఆ వేడి ఎక్కడికీ పోలేదు లెండి" అంది భాగ్యవతి, ఇంకో గరిటె పప్పు వేస్తూ. "జగన్నాధం అన్నయ్య నడుంలో ఉన్నాది."

ధర్మారావు ఆ లెక్కలో తప్పెక్కడుందా అని ఆలోచించాడు. తప్పేమీ దొరకలేదు. నెయ్యి అడిగాడు.